లాల్ అహ్మద్ వణుకు

సముద్రం అడుగుకి మనుషుల్ని తీసుకెళ్ళడం లాల్ అహ్మద్ ఉద్యోగం. నీళ్ళంటే భయం ఆయన గుణం. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో ఆ దేవుడికే తెలియాలి!

దాచేపల్లి మనిషి. సున్నపురాయి తవ్విన గోతుల్లో నిలిచిన నీళ్ళలో ఈత నేర్చాడు. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో, చేపలు కాపురం పెడతాయని తీరానికి దూరంగా ఓ పాత యుద్ధనౌకని ముంచారు. వీపున గాలి సిలిండరు కట్టి జనాన్ని అక్కడికి దించేవాడు. దించేముందు ప్రతిసారీ అదే తంతు. పళ్ళు టకటకలాడేవి. "చేపలు కరుస్తాయంటారా?" అని వచ్చినవాళ్ళనే అడిగేవాడు. పడవ నడిపే బుల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ రోజు వచ్చింది బిందుమాధవి. చేపల మీద పరిశోధన చేస్తోంది. పుట్టింది దర్శిలో, ఆ పిల్ల ఎరిగిన పెద్ద నీళ్ళంటే వీధిలోకొచ్చే ట్యాంకరే. అప్పటికే రెండుసార్లు సగం దాకా దిగి, బెదిరిపోయి పైకొచ్చేసింది. "ఈసారీ ఓడ చూడకుండా వస్తే ఈ పని ఇంకొకరికిచ్చేస్తా" అని ప్రొఫెసర్ తెగేసి చెప్పాడు.

"అమ్మాయ్, నా చెయ్యి మాత్రం వదలకు. నీకు పుణ్యముంటుంది," అన్నాడు లాల్ అహ్మద్.

"మీరే అలా అంటే ఎట్లా బాబాయ్?"

"మరేం చెయ్యను? కింద ఎంత చీకటో తెలుసా?"

"ఊరుకోండి, నేనున్నాగా!" అనేసి, తన మాటకి తనే విస్తుపోయింది బిందు.

తాడు పట్టుకుని దిగారు. ఆయన చెయ్యి గజగజ వణుకుతోంది. దాన్ని నిమురుతూ దిగడంలో, ఇదివరకు తను వెనక్కి తిరిగిన చోటు ఎప్పుడు దాటిందో ఆమెకి తెలియనే లేదు. ఉన్నట్టుండి కింద నల్లగా ఓడ! ఫిరంగి గొట్టంలోంచి చేపలు బిలబిలా బయటికొచ్చాయి. ఉలిక్కిపడి కాళ్ళు తన్నుకుంది. బురద లేచింది. ముక్కుని కూడా కప్పే కళ్ళద్దాల్లోకి నీళ్ళు దూరాయి. అమ్మో, అయిపోయాననుకుని ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోబోయింది. అంత లోతు నుంచి అలా లేస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి.

భుజాల మీద రెండు చేతులు పడ్డాయి. వాటిలో పిసరంత వణుకు లేదు. లాల్ అహ్మద్ ఆమె ముఖానికెదురుగా నిలబడి నెమ్మదిగా గాలి పీల్చాడు, వదిలాడు. మళ్ళీ పీల్చాడు. ఆమె కూడా పీల్చింది. కళ్ళద్దాల పై అంచు నొక్కి, ముక్కుతో ఊదమని సైగ చేసి నీళ్ళు పోగొట్టించాడు. మెల్లగా బురద దిగి నీళ్ళు తేరుకున్నాయి. ఎదురుగా ఓడ, దాని నిండా చేపలు.

బిందు చూస్తున్నది ఓడని కాదు, ఆయన చేతుల్ని. అది కనిపెట్టి లాల్ అహ్మద్ గబుక్కున వణకడం మొదలుపెట్టాడు. అరచెయ్యంత చేపని చూసి ఆమె వెనక దాక్కున్నాడు కూడా! నీళ్ళలో నవ్వకూడదు గానీ, ఆమెకి నవ్వు ఆగలేదు.

పడవెక్కారో లేదో బుల్లయ్య అందుకున్నాడు. "ఏమ్మా, ఇవాళా వణికాడా మావాడు?"

తర్వాత దిగాల్సిన తేజశ్రీ అనే అమ్మాయి మొహం తెల్లగా పాలిపోయి పక్కనే కూర్చుని ఉంది. లాల్ అహ్మద్ బిందు వంక దీనంగా చూశాడు.

"వణకడమా! నేను పట్టుకోబట్టి గానీ, ఈపాటికి ఏమైపోయేవాడో ఈయన!" అంది బిందు.

తేజశ్రీ జాలిపడి లేచింది. "రండి బాబాయ్, ఈసారి నేను పట్టుకుంటాను," అంటూ చెయ్యి చాపింది.