అడగకముందే కొసరు

బీజాపూర్ ఆసుపత్రిలో ముత్తక్క కన్నుమూసిందని జీపు డ్రైవర్ చెప్పినప్పుడు, "ఏ ముత్తక్క?" అని వెర్రివాడిలా రెండుసార్లు అడిగాను. ఈ సరిహద్దు పల్లెలో, నేను పాఠాలు చెప్పే ప్రాథమిక పాఠశాల పక్కనే అంగన్‌వాడీ నడిపిన ముత్తక్క ఒక్కతే. అయినా మనసు ఒప్పుకోలేదు.

అక్షరాలకంటే ముందు ఆమె పిల్లలచేత దుకాణం తెరిపించేది. ఇసుకే ఉప్పు. కొలవడానికి వెదురు బొంగు సోల. ఒకసారి నేను ఉత్సాహంగా కిరండూల్ నుంచి ఆటనోట్లు తెచ్చాను. పిల్లలు వాటిని పక్కన పడేసి, చింతగింజలు తెచ్చి ఉప్పు అడిగారు. తప్పని సరిదిద్దబోతే ముత్తక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు సారూ! మా సంతల ముందు అడవిది ఇస్తం, అటెన్క ఉప్పు తీస్కుంటం. తప్పేంది?"

"పిల్ల ఏం కొంటదో కాదు, ఎట్ల కొంటదో చూడు" అన్నది ఆమె నిత్యసూక్తి. ఆ జిజ్ఞాస నాకు లేకపోయింది. ఇంట్లో దొర్లీ భాష మాట్లాడే బుద్రి అనే పిల్ల బడి వయసొచ్చినా అంగన్‌వాడీలో నోరు విప్పలేదు. మందమతి అని నిశ్చయించి, ఒకటో తరగతిలో చేర్చుకోనన్నాను. ముత్తక్కకు కోపం ముంచుకొచ్చింది.

"దానితోని ఒక్కపారి బేరం జెయ్యి. అటెన్క చెప్పు."

దుకాణదారుగా కూర్చున్నాను. బుద్రి చింతగింజలు నా ముందు పోసి, నా చేతిలోని సోల లాక్కుని బోర్లించింది. లోపల వేలు పెట్టి అడుగంతా గీరింది.

"ఏం చేస్తోందక్కా?"

"వాళ్లమ్మ సంతల అట్లనే చూస్తది. అడుగున మైనం అంటిస్తే ఉప్పు తక్కువొస్తది గద!"

ఇసుక కొలిచి పోశాను. చాచిన చెయ్యి వెనక్కి తీయకుండా బుద్రి స్పష్టంగా అంది: "కొసరు!"

నేను విన్న బుద్రి తొలిపలుకు అది. సిగ్గుతో ఆరోజే బడి రిజిస్టరులో పేరు రాసుకున్నాను.

మొన్న అంత్యక్రియల మర్నాడు పిల్లలు దుకాణం తెరవమని పట్టుబట్టారు. ముత్తక్క పీట మీద నేనే కూర్చున్నాను. ఇప్పుడు మూడో తరగతి చదువుతున్న బుద్రి వచ్చి, సోల బోర్లించి చూసి తిరిగి ఇచ్చింది. కొలిచి పోశాను. కదలలేదు.

"కొసరు కావాలా?" అన్నాను.

"ముత్తక్కయితే అడగకముందే ఏసేది సార్" అంది, తల వంచుకుని.

పిడికెడు ఇసుక తీసి దాని దోసిట్లో పోశాను. అప్పటికే ఆలస్యమైంది. ముత్తక్కా, మా పిల్లలకు నీ చెయ్యి మళ్లీ దొరకదు. నీ పీటకు నమస్కరించి లేచాను.