ల్యాగ్ గుంజే బల్బు

ఆ రోజుల్ల మా దిక్కు ఎవరింట్లనన్న వైఫై ఉందంటే, ఆ ఇంటి అరుగు ఖాళీగ ఉండేది కాదు. తెలిసినోళ్లు, తెలవనోళ్లు, పాలుపోయవచ్చినోడు గూడ ఫోన్ పట్టుకొని ఓ పది నిమిషాలు కూసోని పోయేటోళ్లు. అది పనిచేస్తే సంబురం. పనిచేయకపోతే ఎందుకు చేస్తలేదో ఎవలకూ తెలవదు. అందరికన్న తక్కువ తెలిసినోన్ని నేను. (అందుకేనేమో, జగిత్యాలల ఒక ఇంటర్నెట్ ఆఫీసుల నన్ను పనిలకు తీసుకున్నరు.) స్తంభమెక్కి వైరు కట్టుడు, దిగి బిల్లు వసూలు చేసుడు, ఇదే నా ఇంజనీరింగు. వైఫై డబ్బా మీద లైట్లన్ని పచ్చగ ఎలిగితే మంచిదని మా సారు నేర్పిండు గని, పచ్చగ ఎలిగినంక గూడ పనిచేయకపోతే ఏం చేయాలెనో చెప్పలే. అప్పుడు నేను డబ్బాను ఒకపారి బందువెట్టి మళ్ల చాలు చేసి, గడ్డం గోక్కుంట "అవునవును, గదే" అనేటోన్ని. సగం ఇండ్లల్ల గంతకే నయమయ్యేది.

నేను పుట్టిపెరిగింది సిరిసిల్లల. బట్ట నేసే సాంచెల నడుమనే మా మంచం. పొద్దందాక ఆ టకటకల నడుమ పెరిగినోనికి మెల్లగ మాట్లాడుడు ఎక్కడికెల్లి వస్తది? ఒక సంబంధం చూడబోయిన కాడ "మీ పేరేంది" అని అడిగితే పిల్ల చేతులున్న చాయ్ కప్పు జారి కిందవడ్డది. సంబంధం గూడ దాంతోనే వడ్డది. గిట్ల ముప్పై దాటిపోయిన. చివరికి మా మేనత్త కోరుట్లల ఒక సంబంధం తెచ్చి, "గిది గూడ తప్పితే ఇగ నీకు సాంచెతోనే పెండ్లి" అన్నది.

పిల్లను చూడవోయినం. వాళ్ల నాయిన మస్కట్‌ల ఉంటడు. ఇంట్ల తల్లి, బాపమ్మ, పిల్ల, పిల్ల తమ్ముడు. బాపమ్మ ముందటింట్ల గోడకానుకొని, ఒళ్లె రేకు చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. చెవులు జర మందం. నేను "దండం అవ్వా" అనంగనే మొఖం ఎలిగింది. "చాన్నాళ్లకు ఒక మనిషి మాట ఇనవడ్డది" అన్నది. పిల్ల నన్ను ఒక్కపారి చూసింది. నాకు నచ్చింది. నేను ఆమెకు నచ్చిన్నో లేదో మొఖం చూస్తే సమజ్ కాలే. (ఇప్పటికీ కాదు.)

మస్కట్‌కు ఫోన్ చేస్తే ఆయన ఒక్కటే మాట అన్నడు. "ఇంట్ల మగదిక్కు వాడే. చిన్నోడు ఊ అంటే నేను ఊ." చిన్నోడు డిగ్రీ చదువుతున్నడు గని, అసలు పని ఫోన్‌ల యుద్ధాలు చేసుడు. దోస్తులంత వాణ్ని కమాండర్ అంటరు. కమాండర్ నన్ను కింది నుంచి మీదికి చూసి, "అన్నా, మా ఇంట్ల ల్యాగ్ పోగొడ్తవా?" అన్నడు.

"అంటే ఎట్ల అస్తుంది?"

"నేను తుపాకి ఎత్తేలోపట బొమ్మ ఆగిపోతది. కదిలే సరికి నేను సచ్చివడి ఉంట. మావోళ్లంత నవ్వుతున్నరు."

నేను ఊకుంటే అయిపోయేది. ఊకుంటే నేనెట్లయిత? "గింతేనా! రాయికల్‌ల ఒక పిల్లగాడు సోమవారం కాల్చిన తూటా బుధవారం తాకేది. నేను వోయి చెయ్యివెట్టిన. అటెన్క ముందటి ఆదివారమే తాకవట్టింది" అన్న. మేనత్త నన్ను మోచేతితోని పొడిచింది. కమాండర్ మాత్రం నవ్వలే. "అయితే మాది గూడ జేయి. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నడు. ఆ 'అన్నా' అనే పిలుపు 'బావా' అయితదా కాదా అన్నది ఇగ ఆ తెల్ల డబ్బా చేతుల వడ్డది.

మర్నాడు సామాను సంచి ఏసుకొని పోయిన. ముందటింటి గూట్ల డబ్బా బుద్ధిమంతుని లెక్క ఎలుగుతుంది. బందువెట్టి చాలు చేసిన, వైరు మార్చిన, గడ్డం గోక్కున్న. కమాండర్ లోపటింట్ల ఆడి చూసిండు, జబర్దస్త్ ఉందన్నడు. నేను కోరుట్ల బస్టాండ్ దాటిన్నో లేదో ఫోన్. "అన్నా, మళ్ల అచ్చింది."

మళ్ల పోయిన. మళ్ల మంచిగుంది. పక్కింటోళ్ల వైఫై అడ్డమస్తుందేమోనని చానల్ మార్చిన. డబ్బాను తూర్పుకు తిప్పిన, ఉత్తరానికి తిప్పిన. కొత్త డబ్బా పెట్టిన. నేనున్నంతసేపు ల్యాగ్ జాడ లేదు, నేను బండెక్కంగనే హాజరు! దయ్యం పట్టినోళ్లను చూసిన గని, నన్ను చూసి దాసుకునే దయ్యాన్ని చూడలే. నాకు పిచ్చి లేసుడొక్కటే తక్కువ. "నిన్ను చూస్తే డబ్బా గూడ అదిరిపోయి పనిచేస్తున్నట్టుంది" అన్నడు మా సారు. కమాండర్ ఆఖరికి చెప్పేసిండు. "అన్నా, ఇయ్యాల గూడ అయితలేదంటే, మెట్‌పల్లి సంబంధం ఒకటున్నది. మా నాయినకు అదే చెప్త."

ఆ దినం అన్నీ చూసి, ఏం దొరకక, తల వంచుకొని బయలెల్లిన. మూల మీదికి పోయినంక యాదికచ్చింది, హెల్మెట్ వాళ్ల అరుగు మీదనే మరిచిన. మర్లి వోయి తలుపుల నిలవడ్డ. చూస్తే ఏముంది! బాపమ్మ స్టూలెక్కి, బీడీ కట్టలు పేర్చిన రేకు చాటను పదిలంగ ఎత్తి, వైఫై డబ్బా మీద పెట్టి, దాని మీద ఒక పాత చద్దరు కప్పుతున్నది!

నోరు తెరిచిన. లోపటికెల్లి పిల్ల ఉరికొచ్చింది. "మెల్లగ! మెల్లగ మాట్లాడుర్రి!"

"నేనింక మాట్లాడనే లేదు!" అన్న. (అదే గట్టిగ ఇనవడ్డదట.)

ఆమె నన్ను అరుగు మీదికి తోలి, గుసగుసగ చెప్పింది. "వానలు గదా. కట్టలు చెమ్మవడ్తే బీడీలు తీసుకునే టేకేదారు ఏరి పక్కకేస్తుండు. ఆ డబ్బా ఎచ్చగుంటదని బాపమ్మ దాని మీద ఆరవెడ్తది. మీరస్తున్నరంటే, కాబోయే అల్లుడు అంటూ అన్ని తీసి సదురుతది."

పైన రేకు, రేకు మీద చద్దరు. ఇగ సిగ్నల్ ఎటు వోతది? వేడికి డబ్బా ఉడికిపోక ఏం జేస్తది? నన్ను గౌరవించవట్టే నా పెండ్లి ఆగిపోతున్నదన్నట్టు!

"తమ్మునికి చెప్తే ముసలిదాన్ని కసిరి, కట్టలు బయటేస్తడు" అన్నది పిల్ల. "చెప్పకపోతే మెట్‌పల్లోళ్లు అస్తరు. ఏం జేస్తరో మీ ఇష్టం." అట్లని నా దిక్కు చూసింది. సమజ్ కాలే.

నేను సీద బజారుకు పోయిన. వంద క్యాండిల్ బల్బొకటి, హోల్డరొకటి, కిరాణ దుకాణంల ఖాళీ నూనె డబ్బా ఒకటి. డబ్బాల బల్బు బిగించి, గూటికి ఆవలి మూలకు పెట్టి, కమాండర్‌ను పిలిచిన.

"ఇది ల్యాగ్ గుంజే బల్బు. వానకాలం సిగ్నల్‌ల చెమ్మ చేరుతది. దీని వేడికి చెమ్మ ఆరిపోతది. గని పత్యం ఉన్నది. వైఫై డబ్బా చుట్టు జానెడు దూరం ఏం పెట్టద్దు, ఏం కప్పద్దు. బల్బు మీద మాత్రం ఎప్పటికీ ఏదో ఒక బరువుండాలె, వేడి ఊరికే మీదికి పోకుంట."

"బరువంటే?"

"ఏదన్న. గా బీడీ కట్టలైనా సరే."

బాపమ్మకు నా మాట మొత్తం ఇనవడ్డది గదా, మారుమాట లేకుండ చాట తీసి బల్బు మీద పెట్టింది. చెయ్యివెట్టి చూసి, "దానికంటె ఇదే ఎచ్చగున్నది, కొడుకా" అని మురిసింది. కమాండర్ లోపటికి వోయిండు. పిల్ల తల్లి పొయ్యికాడ గరిట ఆపింది. నేను దేవుళ్లందరికి మొక్కుకుంట నిలవడ్డ. జరసేపటికి లోపటికెల్లి కేక:

"వడ్డడు! నలుగురు వడ్డరు బావా!"

ఆ పిలుపు సిరిసిల్ల సాంచెలన్ని ఒక్కపారి ఆగినట్టు ఇనవడ్డది నాకు. ఆ యేడు వానకాలం కోరుట్లల వంద క్యాండిల్ బల్బులు దొరకలేదు. కమాండర్ దోస్తులంత గల్లీకి నాలుగు నూనె డబ్బాలు ఎలిగించిరి. (నమ్మకపోతే మీ ఇష్టం, మా పెండ్లి పందిట్లకు గూడ బల్బులు రాయికల్ నుంచి తెచ్చిండ్రు.)

ఇప్పుడు జగిత్యాలల మా ఇంట్ల మంచి కనెక్షన్ ఉన్నది. నాకు గూడ పని వచ్చింది, చానళ్ల గురించి, కేబుళ్ల గురించి గంటసేపు చెప్పగల్గుత. అయినా మొన్న వానలకు మా పిల్లగాడు "డాడీ, ల్యాగ్!" అని ఫోన్ మంచం మీదికి ఇసిరిండు. మంచం మీదనే కూసోని ఫోన్‌ల అన్నీ చూసిన, ఏం దొరకలే. అప్పుడే ఇంటికచ్చిన మా బామ్మర్ది, అదే కమాండర్, చెప్పులు గూడ ఇడువక, "బావా, బల్బు పెట్టలేదా?" అన్నడు.

బాపమ్మ పోయి కొన్నేండ్లయింది. నూనె డబ్బా మా సజ్జ మీదనే ఉన్నది. మా ఆమెనే దింపి, దుమ్ము తుడిచి తెచ్చింది. బల్బు ఎలిగించంగనే రేకు వేడెక్కి, పాత తంబాకు వాసన గదంత నిండింది. జరసేపటికి పిల్లగాడు, "పోయింది డాడీ!" అని ఎగిరిండు.

ఎట్ల పోతది? ఉత్త బల్బు గదా! ఏం తెలవని రోజుల్ల అంత ధీమగ గడ్డం గోక్కున్న అప్పటి నేనెక్కడ, ఇన్ని తెలిసి నోరెళ్లవెట్టిన ఇప్పటి నేనెక్కడ అనుకుంట మర్లి చూసిన. మా ఆమె వైఫై డబ్బా కాడికెల్లి మెల్లగ వంటింట్లకు జారుకుంటున్నది. కొంగు చాటున ఒక స్టీలు పల్లెం. పల్లెం నిండ చెమ్మారని పసుపుకొమ్ములు.

నేను చూడనట్టే బల్బు దిక్కు తిరిగిన.

"చూసినవా, ఇంకా పనిచేస్తుంది" అన్న బామ్మర్దితోని, జీవితంల మొదటిసారి మెల్లగ.