సింగపూరు నేల

మా ఆయనది మాచర్లలో నాపరాళ్ల వ్యాపారం. ఎనభైల్లో ఒకసారి ఇద్దరం సింగపూరు వెళ్లి, అక్కడి షోకైన వీధులన్నీ ఒక రోజంతా తిరిగాం. నేను అద్దాల షాపుల వంక నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయన తల పైకెత్తితే ఒట్టు. ప్రతి గుమ్మం ముందూ గొంతుక్కూర్చుని, పరిచిన రాయిని వేళ్లతో తట్టి మోత వినడమే పని.

"ఏందండీ ఇది? జనం చూస్తన్నారు, లెగండి" అన్నాను.

"ఏమే, ఈ పాలిష్ చూశావా? చానా బాగుంది. మొహం చూసుకోవచ్చు" అంటూ కెమెరా తీశారు.

ఊరొచ్చాక పక్కింటి అత్త ఫొటోలన్నీ తిరగేసింది.

"ఇదేందే, ఒక్కదాంట్లో కూడా నువ్వు లేవు?"

"ఎందుకు లేనత్తా? ఆ మూలనున్న చెప్పులు నావే."