ఈల మోగేదాకా

నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చాక నాన్న మా వీధి ఆడపిల్లలకు తాలింఖానాలో కుస్తీ నేర్పేవాడు. మట్టి గోదా. అక్కడ ఒకటే కట్టుబాటు. ఎదుటి మనిషి వీపు మట్టికి తగలగానే పట్టు వదిలెయ్యాలి, చెయ్యిచ్చి లేపాలి. లేపకపోతే అది గెలుపే కాదు.

ఆ అలవాటే విదేశంలో నా కొంప ముంచింది. దేశం తరఫున కుస్తీ పోటీలకు ఆరుగురు అమ్మాయిలం వెళ్ళాం. ఐదుగురు ముందే ఓడిపోయారు. సెమీఫైనల్ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఎదుటి పిల్లను ఎత్తి వెల్లకిలా పడేశాను. వీపు తగిలింది. వదిలేశాను, చెయ్యి కూడా చాపాను! మ్యాట్ మీద రిఫరీ ఈల వేసేదాకా అదిమి పట్టాలని నాకు తెలియక కాదు. కంగారులో చేతులు మట్టి గోదాకే పోయాయి. ఆ పిల్ల నేను చాపిన చెయ్యే పట్టుకుని నన్ను తిరగేసింది. ఓడిపోయాను.

కోచ్ హిందీలో తిట్టిన తిట్లు సగమే అర్థమయ్యాయి, ఆ సగానికే ఏడుపొచ్చింది. మర్నాడు కాంస్యం కోసం ఒక్క కుస్తీ మిగిలింది. అదీ పోతే మా జట్టు ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే.

"నీ కట్టుబాటే నన్ను ఓడించింది నాన్నా!" అని ఫోన్‌లో అరిచాను.

"రేపు ఈల ఇనబడేదాకా వదలకు," అన్నాడాయన. "తరవాత ఏటి సెయ్యాలో నీకు తెలుసు."

మర్నాడు కుస్తీ ముగియబోతుండగా కూడా నేనే రెండు పాయింట్లు వెనక ఉన్నాను. ఎలాగో ఆ రోజు ఎదురైన పిల్లను కింద పడేసి ఉడుంపట్టు పట్టాను. భుజాలు వణికాయి, చెమట కళ్ళల్లో పడింది. వదల్లేదు. ఈల మోగింది. నమ్మకం కుదరక ఇంకా పట్టుకునే ఉంటే, రిఫరీ వీపు తట్టి విడిపించాడు. మా వాళ్ళు పరుగున వచ్చి నన్ను ఎత్తేశారు. సిగ్గు లేకుండా ఏడ్చాను.

పతకం మెడలో పడ్డాక నాన్నకు ఫోన్ చేశాను.

"మిల్లు గేటు కాడ టీవీలో అందరం సూసినాం," అన్నాడు. "సివర్న నిన్ను ఎత్తేసినారు, సరిగ్గా అవుపడనేదు. ఓడిన ఆ పిల్లకి సెయ్యిచ్చినావా?"

"పతకం నా మెళ్ళో ఉంది నాన్నా!" అన్నాను.

"నేదా? అయితే ఇంకా గెలవనేదే నువ్వు."

ఒళ్ళు మండిపోయింది. ఠక్కున ఫోన్ పెట్టేశాను. అయినా కాళ్ళు ఆ పిల్లను వెతుక్కుంటూనే వెళ్ళాయి. ప్రాక్టీసు హాల్లో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఆమె భాష నాకు రాదు. పతకం తీసి జేబులో పెట్టుకుని చెయ్యి చాపాను. చాలాసేపు నా ముఖం వంకే చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి పట్టుకుంది. లేపాను.