రాని రైలుకి రంగుల బొమ్మలు

మొన్న ఆదివారం మనవరాలి పుట్టినరోజని మా అమ్మాయీ అల్లుడూ నన్ను మోరిస్‌విల్‌లో కొత్తగా తెరిచిన బిర్యానీ హోటలుకి తీసుకెళ్ళారు. ఆ హోటలు వాళ్ళకి ఏం తోచిందో ఏమో, గోడల నిండా ఈ అమెరికా దేశపు పాతకాలం రైలు ప్రకటనలు ఫ్రేములు కట్టించి తగిలించారు. మా బల్ల పక్కనున్న దాంట్లో తెల్ల గ్లోవులు వేసుకున్న ఒక దొరసాని రైలు కిటికీ దగ్గర తీరిగ్గా కాఫీ తాగుతూంటే, బయట రోడ్డు మీద మోటారు కారొకటి బురదలో దిగబడి, దాని యజమాని చొక్కా చేతులు మడుచుకుని ఆపసోపాలు పడుతూ తోస్తున్నాడు.

“అమ్మమ్మా, లుక్, సో ప్రెట్టీ! ట్రైన్‌లో ఇలా వెళ్తారా?” అంది మనవరాలు. అల్లుడు అప్పుడే ఫోన్ తీసి ఫొటో కొట్టేస్తూ, “వింటేజ్ లుక్ భలే ఉంది కదా అత్తయ్యా, మన మీడియా రూమ్‌కి ఒకటి ఆర్డర్ చేసేద్దాం” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కంటికి ఎదురుగా అలాంటి బొమ్మ పెడితే ఆ గదిలోకి అడుగు పెట్టనని కాస్త గట్టిగానే అన్నాను కాబోలు, పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. ఈ వయసులో మన కోపాలకి కారణం కనుక్కునే తీరిక ఎవరికుంటుంది లెండి! మీరు నా ఈడు వాళ్ళు కనక మీకు చెప్పుకుంటాను.

మా వారిది బిట్రగుంటలో రైల్వే కుటుంబం. వాళ్ళ తాతగారు ఇంజన్ నడిపారు, నాన్నగారు గార్డుగా చేశారు, ఇంట్లో అన్నాలు కూడా ఫలానా బండి వెళ్ళాక అని లెక్క చూసుకుని తినేవాళ్ళు. ఆ ఇంట్లో రైలంటే ప్రభుత్వం, ప్రభుత్వం అంటే మాట. స్టేషన్ గోడకి ఒక కాగితం అంటించారంటే అది జరిగి తీరుతుందని నమ్మకం. పట్టాలంటూ ఒకసారి వేశాక ఎవరైనా పీకేస్తారన్న ఊహే వాళ్ళకి లేదు. అలాంటి మనిషి ఇంజనీరింగ్ చదువుకని ఈ దేశం వచ్చి, చదువయ్యాక, న్యూజెర్సీలో ఒక రైలు కంపెనీలో టైమ్‌టేబుల్ మ్యాపులు గీసే ఉద్యోగంలో చేరారు. మ్యాపు అంచున సరదాకి గీసిన ఇంజన్ బొమ్మ చూసి ప్రచార విభాగం పెద్దాయన తన దగ్గరికి లాక్కున్నాడు. ఇక్కడ రైళ్ళు ప్రైవేటు కంపెనీలవని, లాభం లేకపోతే వాళ్ళకి రైలైనా రాయైనా ఒకటేనని మా వారికి తెలియక కాదు, మనసుకి పట్టలేదంతే.

నేను గుంటూరులో డాక్టరు చదువు పూర్తి చేసి, పెళ్ళయిన మరుసటి ఏడు ఇక్కడికొచ్చి, నానా పాట్లూ పడి పరీక్షలు పాసై, సిటీలో ఒక ఆస్పత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ ఉద్యోగం సంపాదించుకున్నాను. అది పూర్తయితేనే నేను ఈ దేశంలో డాక్టర్ని, లేకపోతే వంటింట్లో పట్టా తగిలించుకుని కూర్చోవడమే. మా వారి ఆఫీసు ఆ చిన్న ఊళ్ళో స్టేషన్ వెనకే ఉండేది కనక, నాకు డ్రైవింగ్ రాదు కనక, స్టేషన్‌కి ఎదురుగా ఇల్లు తీసుకున్నాం. పొద్దున రైలెక్కితే ఆస్పత్రిలో రౌండ్స్ మొదలయ్యే వేళకి చేరిపోవచ్చని టైమ్‌టేబుల్ చెప్పింది. ఆ టైమ్‌టేబుల్ మా వారికి వేదం, ఆయన మాట నాకు వేదం.

ప్రచార విభాగం పెద్దాయన గురించి చెప్పాలి. రిటైరవడానికి దగ్గరపడ్డ అమెరికన్, మంచి మనిషి. కుర్రతనంలో, అంటే ఇళ్ళముందు కార్లు కొత్తగా వెలుస్తున్న రోజుల్లో, ఆ కంపెనీలోనే చేరాడట. అప్పటి ప్రకటనలన్నీ వెడల్పాటి చెక్క సొరుగుల్లో పదిలంగా దాచుకున్నాడు. ఒక శనివారం మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కటే తీసి చూపించాడు. ఒకదాంట్లో ఇంటి పెద్ద స్టీరింగు పట్టుకుని రోడ్డు తప్ప ఏమీ చూడలేక బిగుసుకుపోయి ఉంటే, పక్కనే పోతున్న రైల్లో మరో ఇంటి పెద్ద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని లోయ చూపిస్తున్నాడు. ఇంకోదాంట్లో తెల్లటి దుప్పటి పరిచిన భోజనాల బల్ల, గ్లాసులో నీళ్ళు తొణకడం లేదు. ఆడవాళ్ళ కోసం వేరే వేశారు: దుమ్ము లేదు, టైరు పగలదు, ఒంటరిగా వెళ్ళినా భయం లేదు, బట్ట నలగకుండా దిగొచ్చని. పెద్దాయన నవ్వుతూనే అన్నాడు కానీ ఆ మాట నాకిప్పటికీ గుర్తే: “మొదట కారుని వెక్కిరించాం. తర్వాత జనాన్ని భయపెట్టాం. ఆ తర్వాత బతిమాలాం.” మా వారు ఆ బొమ్మలు చూస్తూ మైమరచిపోయారు. నాకు మాత్రం ఆ బతిమాలడమన్న మాట ఎక్కడో గుచ్చుకుంది.

ఆ చలికాలం మొదట్లో కంపెనీ వాళ్ళు అకస్మాత్తుగా మా లైన్‌కి కొత్త ప్రకటనలు వెయ్యమన్నారు. మా వారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆదివారాలు వంటింటి నేల మీద అట్టలు పరుచుకుని కూర్చునేవారు, నేను కూర తిరగమోత వేస్తూంటే అటు తిరుగు, గడ్డం ఎత్తు, చేతిలో బ్యాగు పట్టుకున్నట్టు నిలబడు అని ప్రాణం తీసేవారు. రైలు మెట్టు మీంచి దిగుతున్న చక్కటి యువతి, చేతిలో బ్యాగు, మొహంలో అలసట లేదు, వెనక స్టేషన్ గడియారం. ముక్కూ కళ్ళూ నిలబడే తీరూ అన్నీ నావే. జుట్టు మాత్రం బంగారు రంగు వెయ్యమన్నారట, వేసేశారు. కింద రాత కూడా ఆయనదే: మా రైలుని చూసి మీ గడియారం సరిచేసుకోండి.

ఆ జనవరిలో గడియారం సరిచేసుకునే భాగ్యం నాకు ఒక్కరోజూ పట్టలేదు. పాత ఇంజన్లు మొరాయించేవి, బాగుచెయ్యమంటే చేసేవాళ్ళు లేరు, గూడ్సు బండికి దారిచ్చి మా రైలుని ఎక్కడో పొలాల మధ్య నిలబెట్టేసేవాళ్ళు, పెట్టెల్లో వెచ్చదనం ఉండేది కాదు. చీర కింద రెండు జతల మేజోళ్ళు, పైన మా వారి ఓవర్‌కోటు, ప్లాట్‌ఫారం మీద మంచులో నేను, నా తల వెనక గోడ మీద నా మొహంతో బంగారు జుట్టు సుందరి. ఎంత మండేదో మీకు చెప్పలేను! రౌండ్స్‌కి ఆలస్యమవుతూనే ఉన్నాను. చివరికి మా చీఫ్ డాక్టరు పిలిచి, ఇంకొక్కసారి ఆలస్యమైతే శిక్షణ ఏడాది ముగిసే జూన్ తర్వాత నన్ను కొనసాగించనని అందరి ముందూ చెప్పేశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, “ఏమండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక కారు కొనండి” అన్నాను.

“రైల్వే వాళ్ళింట్లో కారేమిటే! వేసవి దాకా ఓపిక పట్టు. బొమ్మలు అన్ని స్టేషన్లలో పడితే జనం వస్తారు. జనం వస్తే రైలు దానంతటదే టైముకొస్తుంది” అన్నారు.

“మీ బొమ్మలు తగలెయ్య! అప్పటికి నా ఉద్యోగం ఉంటుందా?” అని అరిచాను. ఆ తర్వాత నేనే తగ్గాను. రైలు మనల్ని మోసం చెయ్యదని ఆయన అంటూంటే, అంత నమ్మకం ఉన్న మనిషి ముందు మనమేం మాట్లాడగలం? మర్నాటి నుంచి ఇంకా చీకటుండగానే వచ్చే ముందు బండి ఎక్కి ఎలాగో రౌండ్స్‌కి అందుకునేదాన్ని కానీ, రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మార్చిలో స్టేషన్ గోడకి ఇంకో కాగితం పడింది. మా లైన్‌లో ప్యాసింజరు రైళ్ళు ఆపెయ్యడానికి కంపెనీ అనుమతి కోరిందని, రాష్ట్రం వాళ్ళు మా ఊరి హాల్లో విచారణ జరుపుతారని, ప్రయాణికులు వచ్చి చెప్పుకోవచ్చని. నేను ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాను. మా వారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. విచారణకి ఆయన వేసిన బొమ్మలన్నీ అట్టలకి అంటించి శుభ్రంగా సిద్ధం చెయ్యమని పైనుంచి కబురొచ్చిందట. రైలు నిలబెట్టడానికి కంపెనీ తన బొమ్మలనే సాక్ష్యంగా తీసుకెళుతోందని ఆయన నమ్మకం. కంపెనీయే ఆపమంటోందని కాగితం మీద రాసి ఉన్నా, అవన్నీ పైపై లాంఛనాలని, రైల్వే తన రైలుని తనే చంపుకోదని నాకు నచ్చచెప్పారు. బిట్రగుంటలో పుట్టి పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. పెళ్ళినాటి సూటు ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకున్నారు.

నేను డ్యూటీ మార్చుకుని వెళ్ళాను. హాల్లో వరసగా బొమ్మలు నిలబెట్టారు, ఎంత అందంగా ఉన్నాయో! మా వారు ఓ పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డారు. కంపెనీ లాయరు లేచి ఒక్కొక్క బొమ్మ దగ్గరికీ నడిచి, చూడండి, మేమెంత ఖర్చు పెట్టామో చూడండి, ఇంతకంటే అందంగా ఎవరు పిలవగలరు అని మొదలుపెట్టాడు. మా వారి మొహం వెలిగిపోయింది. చివరికి బంగారు జుట్టు బొమ్మ దగ్గర ఆగి, దాని మీద వేలు పెట్టి, “ఇలాంటి వాళ్ళ కోసమే ఈ రైలు నడిపాం. పిలిచాం. ఒక్కరూ రాలేదు. ఈ ఊరికి రైలు అక్కర్లేదు” అన్నాడు.

మా వారి వంక చూశాను. ఆయనకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ మొహం ఎలా మాడిపోయిందో నేను చూడలేకపోయాను. జనాన్ని రప్పించడానికి కాదు, రప్పించడానికి ప్రయత్నించామని చూపించడానికి వేయించిన బొమ్మలు అవి.

నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. అంతమంది తెల్లవాళ్ళ మధ్య చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. “అయ్యా, ఆ బొమ్మలో ఉన్నది నేనే. జుట్టు తప్ప అంతా నేనే. నేను రోజూ వచ్చాను. మీ రైలే రాలేదు” అన్నాను. హాలంతా చప్పట్లు. విచారణాధికారి నా పేరు అడిగి రాసుకున్నాడు. రోజూ నాతోపాటు మంచులో నిలబడే వాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు.

బయట మెట్ల మీద పెద్దాయన మా వారి దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ అన్నాడు: “కుర్రతనంలో నేను వేసినవి జనం కోసం. నీ చేత వేయించినవి విచారణ కోసం. నాకు తెలుసు.” మా వారు ఇంటికొచ్చి బ్రష్షులు కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టేశారు. మళ్ళీ దించలేదు.

చప్పట్లతో రైళ్ళు నడవవు కదా. చెట్లు చిగురించే వేళకి మా రైలు ఆగిపోయింది. కానీ అప్పటికే మా వారు పక్కింటి ముసలాయన దగ్గర పళ్ళు బిగబట్టుకుని డ్రైవింగ్ నేర్చుకున్నారు. పాత కారొకటి కొని, నా రెసిడెన్సీ పూర్తయ్యేదాకా రోజూ చీకటితోనే లేచి నన్ను సిటీలో దింపి వచ్చేవారు. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. దారిలో లెవెల్ క్రాసింగ్ వస్తే చాలు, తుప్పు పట్టిన పట్టాలైనా సరే, కారు ఆపి, అద్దం దించి, చెవి ఒగ్గి, ఏ చప్పుడూ లేదని తేలాకే కదిలేవారు. వెనక కార్ల వాళ్ళు హారన్లు మోగించి తిట్టేవాళ్ళు. నేను డాక్టర్నయ్యాను. ఆయన రోడ్ల శాఖలో చేరి, రిటైరయ్యేదాకా ఫ్రీవేల మీదకి ఎక్కే దార్లూ దిగే దార్లూ గీశారు. మంచి పేరే తెచ్చుకున్నారు. ఇంట్లో ఆ ఉద్యోగం సంగతి ఒక్కనాడూ మాట్లాడలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, అప్పట్నుంచీ ఇక్కడ అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.

రెసిడెన్సీ అయ్యాక నేనూ కారు నేర్చుకుని నలభయ్యేళ్ళ పైన నడిపాను, నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను. కిందటి శీతాకాలం నా కళ్ళు బాగా మందగించాయని తేలాక అమ్మాయి తాళాలు తీసేసుకుంది. తప్పు పట్టను, డాక్టరుగా నేనూ అదే చెప్తాను. కానీ ఈ ఊళ్ళో కారు లేని మనిషికి గడప దాటే దారి లేదు. గుడి నాలుగు మైళ్ళు, కూరల కొట్టు మూడు మైళ్ళు, నా ఈడు స్నేహితురాలు ఉండేది ఐదు మైళ్ళ అవతల. ఊబర్ బుక్ చెయ్యనా అంటారు, ఒంటరిగా ఎక్కుతానంటే మళ్ళీ వాళ్ళే వద్దంటారు. ఇక్కడి యాస సరిగా పట్టుబడని పాతికేళ్ళ ఆడపిల్లగా నేను ఎవరి కోసమూ కాచుకోకుండా, ఎవరి తీరికా అడక్కుండా, ఇంట్లోంచి నడిచి వెళ్ళి రైలెక్కి నలుగురి మధ్యా కూర్చుని ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. అదెంత పెద్ద సంగతో అప్పుడు తెలియలేదు. ఆలస్యాన్ని తిట్టుకోవడంతోనే సరిపోయింది.

నిన్న సాయంత్రం నా స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదని తెలిసి వెళ్ళాలనిపించింది. “కాల్ అయిపోగానే డ్రాప్ చేస్తా అత్తయ్యా, జస్ట్ టెన్ మినిట్స్” అన్నాడు అల్లుడు. బొట్టు దిద్దుకుని, చెప్పులు వేసుకుని, సోఫా అంచున కూర్చున్నాను. కాల్ అవలేదు. వీధి దీపాలు వెలిగాక చెప్పులు విప్పి లోపల పెట్టేశాను.