కాలువ మూల నల్లమట్టి

ఎల్లస్వామికి మట్టి మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఏ చెలకలోకి వెళ్లినా గుప్పెడు మన్ను తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, అందులో ఏది పండుతుందో తేల్చేసేవాడు. ఆలేరు చుట్టుపక్కల రైతులు భూమి కొనేముందు అతన్ని వెంటబెట్టుకుని పోయేవారు. ఆ మర్యాదకు అతను పొంగిపోయేవాడు కూడా. ఎవరు మాత్రం పొంగిపోరు?

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఊరి చెరువులో పూడిక తీశారు. పొలాల్లో పోసుకోవడానికి ఆ మట్టి కోసం ట్రాక్టర్లు బారులు తీరాయి. చెరువుకు ఎగువన మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగు కాలువ వచ్చి కలిసే మూలన మట్టి కాటుకలా నల్లగా, ముక్కదిరే ఘాటుతో ఉంది. ఎల్లస్వామి వాసన చూసి, ఇంత బలమున్న మట్టి ఎక్కడా లేదని తీర్పు చెప్పాడు.

చెల్లెలు సోమమ్మకు భర్త పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆమెకు మిగిలింది ఒక్క ఎర్రచెలకే. ఆ మూల మట్టంతా పట్టుబట్టి ఆమె చెలకకే తోలించాడు. తను మాత్రం చెరువు నడిమి మట్టితో సరిపెట్టుకున్నాడు.

"ఇగ నీకు ఫికర్ లేదు చెల్లె. నీ చెల్క నాదాన్ని మించుతది సూడు" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మించలేదు. పత్తి మొక్కలు మోకాలెత్తుకు రాకుండానే పండుబారేవి. ఎల్లస్వామి విత్తనాలను తిట్టాడు, వానను తిట్టాడు, చివరికి నీళ్లు సరిగా పెట్టడం లేదని చెల్లెల్నే కసిరాడు. మట్టిని మాత్రం ఒక్క మాట అనలేదు.

మొన్నటేడు ఫ్యాక్టరీ జాగాను శుభ్రం చేయించాలని సర్కారు పూనుకుంది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు వచ్చి నేలలో గుంతలు తీసి, మట్టిని సంచుల్లో పట్టుకుపోయారు. విషం ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగలేదు, కాలువ వెంట చెరువు మూలదాకా వచ్చింది. ఆ మూల మట్టి ఎటు పోయిందని ఇంజనీరు సుహాసిని అడిగితే, ఎల్లస్వామే దగ్గరుండి చూపించాడు. రెండు చెలకల మట్టీ పరీక్షకు వెళ్లింది. అతనిది బాగుందన్నారు. సోమమ్మది గింజ వేయడానికి కూడా పనికిరాదన్నారు.

"నా చెల్క తవ్వుండ్రి మేడం. దానిది ఇడిసిపెట్టుండ్రి, మొగడు లేని మనిషి" అని బతిమాలాడు.

"విషం ఉన్నది అక్కడే కదా పెద్దాయనా" అంది సుహాసిని నెమ్మదిగా.

పొక్లెయినర్ మోకాలి లోతు మట్టిని గీకేసి లారీలకెత్తింది. సోమమ్మ గట్టు మీద నిలబడి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. నలుగురి ముందు నాలుగు తిట్టినా ప్రాణం తేలికపడేదని ఎల్లస్వామి కుమిలిపోయాడు.

కొత్త మట్టి తర్వాత తెస్తామన్నారు. అతను ఆగలేకపోయాడు. మర్నాడే తన కొట్టం వెనక మాగిన పశువుల పెంట ట్రాలీ నిండా ఎత్తుకుని చెల్లెలి చెలకకు వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక, అన్న ఏది తెచ్చినా సోమమ్మ ఎందుకని అడిగి ఎరగదు. పెళ్లి సంబంధం తెచ్చినప్పుడు కూడా తల వంచిందే తప్ప నోరు మెదపలేదు.

ట్రాలీ తలుపు తీయబోతుంటే ఆమె వచ్చి చేయి అడ్డం పెట్టింది.

"యాడికెళ్లి తెచ్చినవే అన్నా?"

"మన కొట్టందే చెల్లె. మన బర్ల పెంటనే."

సోమమ్మ చేయి తీయలేదు. అన్న మొహంలోకి చూడలేక ట్రాలీ వైపు చూస్తూ అంది:

"మేడంకు సూపెట్టినంకనే తే అన్నా."

ఎల్లస్వామి సరేనని ట్రాక్టర్ వెనక్కి తిప్పాడు.