లిడియక్క అరుగు మీద సెలవులు

లిడియాకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూ తింటూ లేచి గుమ్మంలోకి వెళ్ళి వీధి అటూ ఇటూ చూసొస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళు వాళ్ళ భుజం మీదుగా వెనకాల ఇంకేదో వెతుకుతుంటాయి. పెళ్ళికి ముందు ఆమె ఇలా ఉండేది కాదు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ ఇల్లు రైసుమిల్లు వెనక వీధిలో. చుట్టూ ధాన్యం బస్తాలు, లారీలు, ఊక దుమ్ము. నీళ్ళంటే వీధి కొళాయి, అంతే.

మత్తయిని చేసుకుని కైకలూరు దగ్గర పేటకి కాపురానికొచ్చాక ఎటు చూసినా నీళ్ళే. ఉన్నది ఒకటే పొడుగాటి వీధి. దానికి రెండు పక్కలా చేపల చెరువులు. పెరటి తడిక తీసి నాలుగడుగులు వేస్తే గట్టు. మత్తయి చేపలు పట్టే ముఠాలో వల లాగుతాడు. పొద్దస్తమానం మెడలోతు నీళ్ళలో ఉండి, ఇంటికొచ్చి మళ్ళీ చెరువులోనే స్నానం చేసే మనిషి. లిడియాకి ఈత రాదు. గట్టు మీద నడవాల్సి వస్తే నీళ్ళకి ఎడంగా, అంచు చూడకుండా నడిచేది.

2002 వానాకాలంలో పేటలో ఓ చంటిపిల్లాడు పాక్కుంటూ పెరట్లోంచి వెళ్ళి చెరువులో పడిపోయాడు. కేక విని పరిగెత్తిన వాళ్ళలో లిడియా కూడా ఉంది. బతకలేదు పిల్లాడు. అప్పటికి ఆమె కొడుకు ఫిన్నీకి రెండేళ్ళు. మర్నాడే ఆమె కైకలూరు వెళ్ళి మువ్వల పట్టీలు కొనుక్కొచ్చి వాడి కాళ్ళకి పెట్టింది.

"మగపిల్లాడికి మువ్వలేంటే?" అని నవ్వాడు మత్తయి.

"మీరు నవ్వండి. నాకు వినపడాలి."

మువ్వల చప్పుడు వస్తున్నంతసేపూ పని చేసుకునేది. ఆగితే చేతిలో ఏముంటే అది వదిలేసి పరిగెత్తేది. అప్పట్నుంచీ ఆమెకి నిమ్మళమన్నది లేకుండా పోయింది.

ఆ మరుసటి ఏడాది డిసెంబర్లో మిషన్ బడికి క్రిస్మస్ సెలవులిచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రొయ్యల షెడ్డులో పని జోరు మీద ఉంటుంది. ఇంకా తెల్లారకుండానే వ్యాను వచ్చి పేటలోని ఆడవాళ్ళలో చాలామందిని రొయ్యలు ఒలవడానికి తీసుకెళ్ళేది. మగవాళ్ళు చెరువుల్లో చేపల పట్టుబడికి వెళ్ళేవాళ్ళు. ఇక పిల్లలు ఎక్కడ ఆడతారు? గట్టు మీదే. సెలవులిచ్చిన మొదటి రోజు లిడియా గిన్నెలు తోముకుంటూ పెరట్లోంచి చూసింది. గట్టు అంచున వరసగా నిలబడి, పెంకులు ఎవరు దూరం విసురుతారా అని పందెం వేసుకుంటున్నారు పిల్లలు. ఆమె బూడిద చేతులతోనే పరిగెత్తి, ఒక్కొక్కరినీ జబ్బ పట్టుకుని లాక్కొచ్చి తన అరుగు మీద కూర్చోబెట్టింది.

సాయంత్రం వ్యాను ఆగే చోటికి వెళ్ళి, దిగుతున్న ఆడవాళ్ళతో, "రేపట్నుంచి పిల్లల్ని మా ఇంటికి పంపించెయ్యండి" అంది.

పక్కింటి శాలిని చేతుల వాసన చూసుకుంటూ నవ్వింది. ఆమె కూతురు జాయ్సీకి ఆరేళ్ళు. "ఎంతసేపని కూచోబెడతావు లిడియా? కోతులమ్మా అవి."

"మీరు పంపించండి వదినా. నేను చూసుకుంటాను."

అన్నంత తేలిక కాలేదు. మొదట ఆదివారం బడిలో చెప్పినట్టు కథలు చెప్పింది. కథ సగంలో ఉండగానే ఇద్దరు మంచినీళ్ళకని లేచారు. వాళ్ళని వెతకడానికి ఇంకో ఇద్దరు వెళ్ళారు. తిరిగి చూసేసరికి అరుగు సగం ఖాళీ. వాళ్ళని పట్టుకొచ్చాక పాటలు పాడించింది. అవీ అయిపోయాయి. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఏం చెయ్యాలో తోచక, గోడకున్న పాత క్యాలెండరు పీకి, దాన్ని బద్దలు బద్దలుగా కత్తిరించడం మొదలుపెట్టింది. కాసిని నీళ్ళలో మైదా కలిపి పొయ్యి మీద ఉడికిస్తే జిగురు తయారైంది. ఒక కాగితం బద్దని గుండ్రంగా చుట్టి అంటించి, అందులోంచి ఇంకోటి దూర్చి అంటించి చూపించింది.

పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. గొలుసు అరుగు ఈ చివర్నుంచి ఆ చివరకి పెరిగింది, స్తంభానికి చుట్టుకుని వెనక్కొచ్చింది. అప్పుడర్థమైంది లిడియాకి. చెవులకి పని చెబితే పిల్లలు ఉండరు. చేతులకి చెప్పాలి.

ఆ రోజు నుంచి ఆమెకి ఇంకో కంగారు పట్టుకుంది. రేపేం చేయించాలి? కూర కలుపుతూ అదే ఆలోచన, నీళ్ళు మోస్తూ అదే ఆలోచన. మత్తయి చేత వెదురు చీల్పించి పుల్లలు తయారుగా పెట్టుకుంది. అయిదు పుల్లల కొసలు వల నేసే దారంతో కట్టి, రంగు కాగితం అంటించి నక్షత్రాలు చేయించింది. కోతలైన చేలోంచి గుప్పెడు గడ్డి తెప్పించి పశువుల పాక కట్టించింది. చెరువు మట్టితో ఆవుల్నీ గాడిదల్నీ చేయించింది. గాడిదలకీ ఆవులకీ తేడా తెలియక పిల్లలు కొట్లాడుకుంటే, కొమ్ములున్నవి ఆవులని తీర్పు చెప్పింది. మట్టి బొమ్మల్లో ఇంకో సౌకర్యం కనిపెట్టింది. అవి ఒక్కరోజులో ఆరవు. తన ఆవు ఆరిందో లేదో చూసుకోవడానికి ప్రతివాడూ మర్నాడు తనంతట తానే వస్తాడు.

రెండిళ్ళ అవతలుండే వీరదుర్గ తన కొడుకు శ్రీకర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మేం క్రిస్మస్ చెయ్యమనుకోండి. అయినా కాగితాలు అంటించుకోడానికేముందండీ. మావాణ్ణీ కూచోబెట్టుకోండి" అంది.

రొయ్యలు సర్దే థర్మకోల్ పెట్టెలు విరిగినవి షెడ్డు నుంచి శాలిని తెచ్చింది. రెండు ముక్కలు ఒకదానికొకటి రుద్దితే తెల్లటి పూసలు రాలేవి. వాటిని అట్టముక్కకి అంటిస్తే గొర్రెపిల్ల అయ్యేది. మిగిలినవి పాక మీద చల్లించింది లిడియా.

"ఇది మంచు" అంది.

"మంచంటే ఐసేనా అక్కా?" అడిగాడు శ్రీకర్.

"ఆఁ. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొడుతుంటే పొడి ఎగురుతుంది చూడు, కొన్ని దేశాల్లో అలా పైనుంచి పడుతుందంట."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ చేపలు పాడవ్వవు" అన్నాడు.

అందరూ నవ్వారు. లిడియా కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే తలలు లెక్కపెట్టుకుంది.

పండగ దగ్గరపడ్డాక దేవదూతలు మొదలుపెట్టారు. తెల్ల కాగితం గరాటులా చుడితే గౌను. కాగితం ఉండ తల. రెక్కలకి పాత దిండు విప్పి దూది తీసింది. పెద్దపిల్లలు దండిగా లాక్కోవడంతో జాయ్సీ వంతు వచ్చేసరికి దూది అయిపోయింది. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడదు. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకుని, "నా దేవదూతకి రెక్కల్లేవక్కా" అంది.

లిడియా అప్పుడు ఫిన్నీ జుట్టులోంచి జిగురు వదలగొడుతోంది. తలెత్తకుండానే, "దూదిదేముందే, ఈకలైతే ఇంకా బాగుంటాయి" అంది. అని మర్చిపోయింది.

మధ్యాహ్నం పిల్లల చేతులు కడిగించి కంచాలు పెడుతూ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఫిన్నీ మువ్వలు ఘల్లుఘల్లుమంటూనే ఉన్నాయి. జాయ్సీ లేదు.

"జాయ్సీ ఏదిరా?"

"ఈకలకెళ్ళిందక్కా" అన్నాడు శ్రీకర్, అదేం పెద్ద విషయం కానట్టు.

లిడియా శ్రీకర్ నాయనమ్మని కేకేసి, "వీళ్ళని కదలనివ్వకండి మామ్మగారూ" అని గట్టు మీదికి పరిగెత్తింది. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు. చెరువు నిశ్చలంగా ఉంది. గెడలకి వేలాడుతున్న మేత సంచులు, అవతలి వైపు కొంగలు. నీళ్ళ మీద తేలుతున్న ప్రతిదాన్నీ చూసింది. ఓ కొబ్బరి డొక్క. ఓ ప్లాస్టిక్ కవరు. చెరువు మూల తిరగ్గానే గట్టు మట్టి ఒకచోట అప్పుడే జారినట్టు గీసుకుపోయి ఉంది. కింద తూటికాడల గుబురు విరిగి ఉంది.

ఆమె దిగిపోయింది. మోకాళ్ళ దాకా, నడుం దాకా. అడుగు బురదలో కూరుకుపోతోంది. చేతులు నీళ్ళలోకి పెట్టి తడుముతోంది. తనకి ఈత రాదన్న సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు.

"అమ్మా! ఆగండాగండి! పిల్ల ఇక్కడుంది!"

అవతలి గట్టు నుంచి ఏడుకొండలు కేకలేస్తున్నాడు. ఆయన ఆ చెరువుకి కాపలా. తాటిదోనె తోసుకుంటూ వచ్చి, లిడియా రెక్క పట్టుకుని ఎక్కించుకున్నాడు. పక్షి ఈక ఒకటి నీళ్ళ మీద ఉంటే అందుకోబోయి జారిందని, తూటికాడలు పట్టుకుని కేకలు పెడుతుంటే తాను దోనెలో వెళ్ళి తీశానని దారిలో చెప్పాడు.

కాపలా గుడిసె ముందు మంట దగ్గర జాయ్సీ కూర్చుని ఉంది. ఒంటికి ఏడుకొండలు తుండుగుడ్డ చుట్టి ఉంది, చేతిలో గ్లాసుడు టీ. పక్కన ఆరబెట్టిన వల మీద తెల్లవీ బూడిదరంగువీ ఈకలు పరిచి ఉన్నాయి.

"తడిసిపోయినియ్యక్కా. పనికొస్తాయా?" అంది.

లిడియా చాచి ఒక్కటి కొట్టింది. టీ ఒలికిపోయింది. ఆ పిల్ల ఏడుపు అందుకోకముందే లిడియా దాన్ని గుండెలకి అదుముకుని తాను ఏడ్చేసింది. ఏడుకొండలు ఇంకో గ్లాసు కడిగి టీ పోశాడు.

సాయంత్రం వ్యాను వచ్చేవరకూ లిడియా వీధిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వేరేవాళ్ళు చెప్పకముందే శాలినికి తానే చెప్పాలనుకుంది. చెప్పింది, ఏదీ దాచకుండా, ఈకల మాటతో సహా. శాలిని వ్యాను మెట్టు మీదే కూలబడిపోయింది. లేచి వెళ్ళి కూతురి తల, చేతులు, కాళ్ళు తడిమి చూసుకుంది.

"రేపట్నుంచి నావల్ల కాదు వదినా. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోండి" అంది లిడియా.

"నీ దగ్గర వద్దంటే ఎక్కడుంటారే?" అంది శాలిని. కోపంగానే అంది. "పొద్దున్నుంచీ ఆ గట్టు మీదే ఉంటారు. నువ్వు కాబట్టి మధ్యాన్నానికల్లా లేదని తెలుసుకున్నావు. నాకైతే రాత్రి దాకా తెలిసేదా?"

లిడియా ఇంటికెళ్ళాక మత్తయితో, "ఏవండీ, ఎంతని కాపలా కాస్తాను? నేనేం చేయించినా అది అయిపోతుంది. చెరువు మాత్రం అక్కడే ఉంటుంది" అంది. మత్తయి వల బాగుచేసుకుంటూ, "మేవందరం ఇక్కడే పెరిగాం కదే. మాకు ఈత వచ్చు, అంతే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పిల్లలు యథాప్రకారం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. రావద్దని వాళ్ళకెవరూ చెప్పలేదు. లిడియా కాసేపు వాళ్ళని చూసింది. తర్వాత అందరి చేతా ఒక పొడవాటి వలతాడు పట్టించి, ముందు తాను, చివర ఆ పూట పని మానుకున్న మత్తయి, గట్టు మీదికి నడిపించుకుపోయింది. కొంగలు వాలే చోట పడున్న ఈకలన్నీ ఏరుకున్నారు. ఏడుకొండలు తాను ఏరి ఉంచినవి సంచిలో పోసి ఇచ్చాడు. లిడియా ఆయన దగ్గర నిలబడి, "పిల్లలకి ఈత నేర్పుతారా అండీ?" అని అడిగింది.

"ఈ చలిలోనా అమ్మా? ఎండలు రానివ్వండి. తప్పకుండా నేర్పుతాను."

"నాక్కూడా."

ఆయన తలగుడ్డ సర్దుకుని, "మీకు మీ ఆయన నేర్పుతాడు లెండి" అన్నాడు.

ఆ ఏడు చర్చిలో కట్టిన దేవదూతలన్నిటికీ కొంగ ఈకల రెక్కలే. ఫ్యాను వేస్తే ఊడి పాట పాడేవాళ్ళ మీద పడ్డాయి. పాస్టరుగారు తుమ్ముతూనే ప్రార్థన ముగించారు.

మార్చిలో పేట పక్క కాలవలో ఒడ్డు వారన నీళ్ళు నడుం లోతుకి తగ్గాక ఈత మొదలైంది. అరటి బోదెలు కోసి, పిల్లల్ని వాటి మీద బోర్లా పడుకోబెట్టి ఏడుకొండలు కాళ్ళు కొట్టించాడు. మసకపడి, పిల్లలు ఇళ్ళకెళ్ళాక లిడియా చీర దోపుకుని దిగేది. మత్తయి ఆమె పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకునేవాడు. చెయ్యి తీశాడనుకున్నప్పుడల్లా ఆమె బోదె వదిలేసి అతని మెడ పట్టుకునేది. శాలిని ఒడ్డున కూర్చుని పడీ పడీ నవ్వేది. చాలారోజులు అదే వరస. పిల్లలు కాలవ అడ్డంగా ఈదేస్తున్నా ఆమె మాత్రం బోదె లేకుండా కదల్లేదు.

వేసవి సెలవుల్లో ఒకరోజు, పిల్లలందరూ కాలవలో ఉండగానే దిగింది. మత్తయి పనికెళ్ళాడు. బోదె జాయ్సీ చేతికిచ్చి, పట్టుకో అంది. నీళ్ళలోకి ఒరిగి, మొహం మునిగి, నీళ్ళు మింగి, చేతులు అడ్డదిడ్డంగా కొట్టుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళింది. మధ్యలో లోతు ఎక్కువున్న చోట ఆమె కాళ్ళకి నేల తగల్లేదు. ఒడ్డు అందగానే గడ్డి పట్టుకుని, ఊపిరాడక దగ్గుతూ వెనక్కి తిరిగి చూసింది.

"అక్కా, మళ్ళీ రా!" అని అరుస్తోంది జాయ్సీ, బోదెని తలపైకెత్తి ఊపుతూ.

లిడియా జుట్టు వెనక్కి తోసుకుని, మళ్ళీ నీళ్ళలోకి దిగింది.